వెనక బండి కట్టుకుని రివర్స్: ట్రక్కుకి ఒక లెక్క, కారుకి ఇంకో లెక్క

నర్సీపట్నం: చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి మైదానం వైపు నుంచి వెళ్లే బళ్లలో చాలావరకు నర్సీపట్నం దాటాకే ఘాట్ ఎక్కుతాయి. ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కి ఆగిపోయిన కారు కావచ్చు, దిగేటప్పుడు మొరాయించిన కారు కావచ్చు, పెద్ద రిపేరు పడిందంటే కిందికి తేవాల్సిందే. అప్పుడు దొరికిన జీపుకో, వ్యానుకో, ట్రాక్టరుకో కట్టి లాక్కొస్తారు. ముందుకి లాగినంతసేపు ఏ గొడవా ఉండదు. సందు మూసుకుపోయినప్పుడో, ఎదురుగా లారీ వచ్చినప్పుడో, "కాస్త వెనక్కి తియ్యి భాయ్" అని ఎవరో అన్నప్పుడో అసలు చిక్కు మొదలవుతుంది.

ఇదే చిక్కు అమెరికాలో మోటర్‌హోమ్ నడిపేవాళ్లకి రోజూ ఉంటుంది. మోటర్‌హోమ్ అంటే మంచాలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బస్సంత బండి. మనదగ్గర కారవాన్ అంటున్నారు. ఊళ్లో తిరగడానికి అంత పెద్ద బండి పనికిరాదు కాబట్టి వెనకాల ఒక చిన్న కారుని తగిలించుకుని పోతారు. వాళ్లకి మొదట చెప్పే మాట ఒక్కటే: కారు తగిలించి ఉన్నంతసేపు రివర్స్ గేర్ జోలికి పోవద్దు.

మరి నర్సీపట్నం చుట్టుపక్కల ట్రాక్టరు డ్రైవర్లు ట్రక్కు తగిలించుకుని రోజూ సందుల్లోకి రివర్స్‌లో దూరుతున్నారు కదా? ఇటుకలు, ఇసుక, చెరకు, పెళ్లి సామాన్లు అన్నీ అలాగే ఇంటి గుమ్మం దాకా వస్తున్నాయి కదా? ట్రక్కుని తీయగలిగినప్పుడు కారుని ఎందుకు తీయకూడదు? ఈ తేడా తెలియక బంపర్లు, టైరాడ్లు పాడవుతుంటాయి. ఒక్కోసారి వెనక నిలబడ్డ మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

లాగడం వేరు, నెట్టడం వేరు

ఒక తాడు చివర రాయి కట్టి లాగితే రాయి మీ వెంటే వస్తుంది. మీరు వంకర పోయినా కాసేపటికి మళ్లీ మీ వెనకే సర్దుకుంటుంది. అదే రాయిని ఒక కర్రతో నెట్టి చూడండి. కాస్త పక్కకి జరిగిందంటే ఇంకా పక్కకే పోతుంది. వెనక తగిలించిన బండి సంగతి కూడా ఇంతే. ముందుకి పోయేటప్పుడు వంకర దానంతటదే తగ్గుతుంది. వెనక్కి పోయేటప్పుడు దానంతటదే పెరుగుతుంది.

ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క కట్టొచ్చు. ట్రాక్టరు పిన్ను నుంచి ట్రక్కు ఇరుసు దాకా 3 మీటర్లు ఉందనుకుందాం. ట్రక్కు 5 డిగ్రీలు వంకరగా ఉంది. అంటే కంటికి సరిగ్గా కనపడనంత. ఇప్పుడు ట్రాక్టరుని ఏమాత్రం తిప్పకుండా తిన్నగా వెనక్కి తీస్తే 3 మీటర్లు పోయేసరికి ఆ వంకర 13 డిగ్రీలు దాటుతుంది. 6 మీటర్లకి 36 డిగ్రీలకి దగ్గరపడుతుంది. 9 మీటర్లకి 80 డిగ్రీలు దాటి, ట్రక్కు ట్రాక్టరుకి దాదాపు అడ్డంగా తిరిగిపోతుంది. దీన్నే డ్రైవర్లు మడత పడ్డం అంటారు. ట్రాక్టరు పెద్ద టైరు ట్రక్కు ముందు కడ్డీకి రాసుకుంటుంది, కడ్డీ వంగుతుంది. ఎత్తుపల్లాల్లో అయితే ట్రాక్టరే ఒరిగిపోవచ్చు.

ఇదే లెక్క ముందుకి పోయేటప్పుడు తిరగబడుతుంది. 36 డిగ్రీల వంకర 3 మీటర్లు ముందుకి లాగితే 13కి, ఇంకో 3 మీటర్లు లాగితే 5కి దిగుతుంది. అనుభవమున్న డ్రైవరు వంకర ఎక్కువైందని తెలియగానే స్టీరింగ్‌తో కుస్తీ పట్టడు. ఆపుతాడు, నాలుగు గజాలు ముందుకి లాగుతాడు, తిన్నగా అయ్యాక మళ్లీ మొదలుపెడతాడు. చూసేవాళ్లకి రాని పనిలాగా కనపడుతుంది గానీ, పని వచ్చినవాడు చేసేది అదే.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. వెనక తగిలించిన బండి ఎంత పొట్టిదైతే అంత త్వరగా మడత పడుతుంది. చిన్న వాటర్ ట్యాంకర్ ట్రాలీ కంటే పొడుగాటి ట్రక్కుని వెనక్కి తీయడం తేలిక. చిన్నదే కదా అనుకుని కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రెండు చక్రాల ట్రక్కు ఎలా వెనక్కి పోతుంది?

ఒకే ఇరుసు మీద నడిచే ట్రక్కుకి ట్రాక్టరుతో కలిసే చోటు ఒక్కటే, పిన్ను. మెలిక తిరిగే చోటు ఒక్కటే కాబట్టి డ్రైవరు దాన్ని అదుపు చేయగలడు. చేసే పద్ధతి ఇది.

స్టీరింగ్‌ని పైన పట్టుకోకుండా కింది భాగంలో, అంటే గడియారంలో 6 అంకె ఉండే చోట పట్టుకోవాలి. ట్రక్కు వెనక భాగం కుడికి పోవాలంటే ఆ చేతిని కుడికి జరపాలి. ఎడమకి పోవాలంటే ఎడమకి. ఇలా చేస్తే "ఇటు తిప్పితే అటు పోతుంది" అనే గందరగోళం ఉండదు.

ట్రక్కు తిరగడం మొదలైన వెంటనే స్టీరింగ్‌ని రెండోవైపుకి తెచ్చి, ట్రాక్టరుని ట్రక్కు వెంట నడిపించాలి. ఈ రెండో అడుగు మరిచిపోతేనే మడత పడుతుంది. మొదట తిప్పేది ట్రక్కుని మళ్లించడానికి, తర్వాత తిప్పేది దాని వెంట పోవడానికి.

కొంచెం కొంచెంగానే తిప్పాలి. మనిషి నడక కంటే నెమ్మదిగా పోవాలి. ట్రాక్టరుకి కుడి, ఎడమ చక్రాలకి విడివిడిగా రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. దుక్కిలో వాటిని విడదీసి వాడతారు. రోడ్డు ఎక్కితే, రివర్స్ చేస్తున్నా సరే, ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేసి ఉండాలి. లేకపోతే ఒక్క చక్రమే ఆగి ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది.

వ్యాను, లారీ లాంటి వాటిలో డ్రైవరు సీటు కుడివైపు ఉంటుంది కాబట్టి వెనక బండిని కుడికి మళ్లించేలా దారి ఎంచుకోవాలి. అప్పుడు బండి వెనక భాగం కుడి కిటికీలోంచి, కుడి అద్దంలోంచి కనిపిస్తుంది. ఎడమకి మళ్లిస్తే కాసేపటికే అది కనుమరుగైపోతుంది. ట్రాక్టరులో సీటు మధ్యలో ఉన్నా, ట్రక్కులో చెరకో గడ్డో ఎత్తుగా ఉంటే రెండువైపులా కనపడదు. అప్పుడు ఇంకో మనిషి లేకుండా వెనక్కి తీయకూడదు.

నాలుగు చక్రాల ట్రక్కు దగ్గర మొదలయ్యే తలనొప్పి

చెరకు సీజన్‌లో చోడవరం దగ్గర గోవాడ షుగర్ ఫ్యాక్టరీ వైపు బళ్లు క్యూ కట్టిన రోజులు చూసినవాళ్లకి రెండు రకాల ట్రక్కులు తెలుసు. ఒకటి రెండు చక్రాలది. ఇంకోటి నాలుగు చక్రాలది, ముందు ఇరుసు టర్న్‌టేబుల్ మీద తిరుగుతుంది. బరువు ఎక్కువ మోస్తుంది, రోడ్డు మీద నిలకడగా పోతుంది. కానీ దీన్ని వెనక్కి తీయమంటే మంచి డ్రైవర్లు కూడా తల గోక్కుంటారు.

దీనికి మెలిక తిరిగే చోట్లు రెండు. ట్రాక్టరు దగ్గర పిన్ను ఒకటి, ట్రక్కు ముందు ఇరుసు రెండోది. డ్రైవరు స్టీరింగ్ తిప్పితే మొదటి మెలిక కదులుతుంది, అది రెండోదాన్ని కదిపిస్తుంది, అది ట్రక్కుని కదిపిస్తుంది. పైగా ఇక్కడ స్టీరింగ్ తిప్పాల్సిన వైపు కూడా మారిపోతుంది. రెండు చక్రాల దానికి చేసిన అలవాటు నాలుగు చక్రాల దానికి పనికిరాదు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చేయగలరు, వాళ్లు కూడా కొద్దిదూరమే. మిగతావాళ్లు పిన్ను తీసేసి, ట్రక్కు టైర్ల కింద రాళ్లు పెట్టి, ట్రాక్టరుని ఇంకోవైపు నుంచి తెచ్చుకోవడమే మేలు.

కారు దగ్గర అసలు తిరకాసు

ఇప్పుడు కారు సంగతి చూద్దాం. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి, ముందు బండికి ఇనుప బార్‌తో తగిలించిన కారు చూడ్డానికి నాలుగు చక్రాల ట్రక్కులాగే ఉంటుంది. నిజానికి దానికంటే మొండిది. ట్రక్కు ముందు ఇరుసుని కడ్డీ పట్టుకుని తిప్పుతుంది. కారు ముందు చక్రాలని ఆ బార్ పట్టుకోదు. అవి వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి.

సూపర్‌మార్కెట్‌లో సామాన్ల ట్రాలీ తోసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ముందుకి తోస్తుంటే దాని చిన్న చక్రాలు బుద్ధిగా వెనక్కి వాలి నడుస్తాయి. ఒక్కసారి వెనక్కి లాగండి, ఆ చక్రాలు టక్కున తిరగబడతాయి. అవి తిరిగే క్షణంలో ట్రాలీ ఎటో ఒకవైపుకి ఈడుస్తుంది.

కారు ముందు చక్రాల్లోనూ అదే ఏర్పాటు ఉంది. చక్రం పక్కకి తిరిగే గీత కాస్త వెనక్కి వాలి ఉంటుంది, టైరు నేలకి తగిలే చోటు ఆ గీతకి కొంచెం వెనక పడుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతటదే తిన్నగా వచ్చేది ఇందుకే. ముందుకి లాగినంతసేపు ఈ గుణం మేలు చేస్తుంది, కారు చక్రాలు ముందు బండి వెంట తిరుగుతూ వస్తాయి. వెనక్కి నెట్టగానే అదే గుణం కీడు చేస్తుంది. చక్రాలు ఒకవైపుకి పూర్తిగా తిరిగిపోయి అక్కడే బిగుసుకుంటాయి. ఇక కారు వెనక్కి పోదు, పక్కకి ఈడుస్తుంది. టైర్లు నేలని రాసుకుంటాయి, బార్ వంగుతుంది, టైరాడ్లు, బార్ బిగించిన చోటు దెబ్బతింటాయి.

మోటర్‌హోమ్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వెనక చక్రాల తర్వాత కూడా బాడీ చాలా దూరం సాగి ఉంటుంది, హుక్కు ఆ చివర ఉంటుంది. ముందు స్టీరింగ్ కొంచెం తిప్పినా ఆ చివర అటూ ఇటూ బాగా ఊగుతుంది. ఆ ఊపుకి కారు మూతి పక్కకి కొట్టుకుపోతుంది. డ్రైవరు ఎంత దూరంలో కూర్చుంటాడంటే, కారు వంకర పోయిన సంగతి అతనికి అద్దంలో కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

కారుని తీసుకుపోయే పద్ధతులు మూడు. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి బార్‌తో లాగడం ఒకటి. దీంతో రివర్స్ కుదరదు. ముందు రెండు చక్రాలని చిన్న డాలీ మీదికి ఎక్కించి లాగడం రెండోది. డాలీ హుక్కు దగ్గర ఒక మెలిక, డాలీ మీద కారు తిరిగే చోట ఇంకో మెలిక కాబట్టి దీంతో కూడా రివర్స్ పెట్టుకోకూడదు. కారు మొత్తాన్ని ట్రైలర్ మీదికి ఎక్కించడం మూడోది. దీనికి మెలిక ఒక్కటే కాబట్టి రెండు చక్రాల ట్రక్కు లాగానే వెనక్కి తీయొచ్చు.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం చిన్నదే. మెలిక ఒక్కటైతే నేర్చుకుంటే వస్తుంది. మెలికలు రెండైతే విప్పేయాలి.

పాడైన కారుని లాక్కొస్తున్నప్పుడు

అమెరికాలో లాగా నడిచే కారుని సరదాకి వెనక తగిలించుకుపోవడం మనదగ్గర నియమాల ప్రకారం కుదరదు. 1989 నాటి రోడ్డు నియమాల్లో దీని గురించి స్పష్టంగా ఉంది. రిజిస్టరైన ట్రైలర్, సైడ్ కార్ కాకుండా వేరే మోటారు బండిని లాగాలంటే అది పాడైపోయినదో, ఇంకా పూర్తిగా తయారుకానిదో అయి ఉండాలి. లాగేది కూడా డెలివరీకో, దగ్గర్లోని గ్యారేజీకో, పెట్రోలు బంకుకో అయి ఉండాలి. లాగబడే బండి స్టీరింగ్ దగ్గర లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా దాని ముందు చక్రాలు క్రేన్ లాంటిదానితో నేలకి తగలకుండా పైకెత్తి ఉండాలి. రెండు బళ్ల మధ్య ఖాళీ 5 మీటర్లు దాటకూడదు. వేగం గంటకి 24 కిలోమీటర్లు మించకూడదు. వెనక బండి మీద అది లాగబడుతోందని తెలిపే బోర్డు ఉండాలి. 2017లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. పేర్లు మారినా, ఘాట్ దిగేటప్పుడు ఈ జాగ్రత్తలేవీ పాతబడలేదు.

తాడుతో కట్టిన కారు విషయంలో రివర్స్ అనే మాటే లేదు. తాడు లాగగలదు గానీ నెట్టలేదు. ముందు బండి వెనక్కి వస్తే తాడు వదులై కింద పడుతుంది, టైరుకి చుట్టుకుంటుంది, బండి సూటిగా కారు బానెట్ మీదికి వస్తుంది. అందులో స్టీరింగ్ పట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

కారులో కూర్చునే మనిషికి కూడా కొన్ని సంగతులు తెలియాలి. తాళం తిప్పి స్టీరింగ్ లాక్ వదిలేలా చూసుకోవాలి. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి పవర్ స్టీరింగ్ పని చేయదు, చక్రం బరువుగా తిరుగుతుంది. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కాక రాయిలా గట్టిపడుతుంది, బలంగా తొక్కాలి. ఘాట్ దిగువకి తాడుతో లాక్కురావడం అసలు మంచిది కాదు. పల్లంలో వెనక కారు ముందు బండిని గుద్దుతుంది. ఆటోమేటిక్ గేర్ల కార్లు, ఎలక్ట్రిక్ కార్లు చాలావాటిని చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేర్‌బాక్సో మోటారో పాడవుతుంది. కారుతో వచ్చే పుస్తకం చూసుకుని, లేదంటే మొత్తం కారు ఎక్కే రికవరీ లారీని పిలిపించుకోవాలి. దాని ఖర్చు కొత్త గేర్‌బాక్సు ఖర్చు ముందు ఎందుకూ చాలదు.

ఇరుక్కుపోతే ఏం చేయాలి?

ముందు ఆగాలి. "ఇంకొంచెం చూద్దాం" అనుకునే ఒక్కో మీటరుకీ వంకర పెరుగుతుందని పైన లెక్క చెప్పింది. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక కారుకి కూడా బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లో చెక్క ముక్కలో పెట్టాలి. ఆ తర్వాతే పిన్ను తీయాలి. పిన్ను బిగుసుకుపోతే సుత్తితో బాదకుండా, ముందు బండిని అంగుళం రెండంగుళాలు ముందుకి జరిపి బిగువు తగ్గించాలి. అలా జరిపేటప్పుడు రెండు బళ్ల మధ్యన ఎవరూ ఉండకూడదు. విడదీశాక కారుని మనుషులు తోస్తారు, ముందు బండి విడిగా రివర్స్ అవుతుంది, వెడల్పు చోట మళ్లీ కలుపుకోవచ్చు. పది నిమిషాల పని.

అసలు ఇరుక్కోకుండా ఉండడం ఇంకా మేలు. అబీద్ సెంటర్ లాంటి రద్దీ కూడలి చుట్టూ సందులు ఇరుకు. వెనక బండి ఉన్నవాళ్లు తెలియని సందులోకి దూరకుండా, మెయిన్ రోడ్డు పక్కన ఆపి నడిచి చూసి రావాలి. పెట్రోలు బంకులో ముందుకే బయటపడే దారి ఉందో లేదో చూసుకుని దిగాలి. ఫంక్షన్ హాల్ దగ్గర ఆపేటప్పుడే బయటికి పోయేవైపు మూతి పెట్టి ఆపుకుంటే, వలీమా అయ్యాక చీకట్లో తిప్పలు పడక్కర్లేదు.

గల్ఫ్‌లో ఇంటి డ్రైవర్లుగా ఉన్న మనవాళ్లకి ఈ సంగతులు ఇంకా ఎక్కువ పనికొస్తాయి. చలికాలంలో అక్కడి కుటుంబాలు ఎడారి క్యాంపులకి పోయేటప్పుడు కారవాన్‌నో, బైకుల ట్రైలర్‌నో తగిలించి డ్రైవరుకి అప్పజెప్తారు. పద్ధతి ఇదే, ఒక్క తేడా తప్ప. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి వెనక బండిని ఎడమకి మళ్లించేలా చూసుకోవాలి. ఊళ్లో అయిన కుడివైపు అలవాటుతో మళ్లిస్తే బండి కంటికి అందదు.

వెనక ఎవరున్నారు?

బండికి తగిలే దెబ్బ డబ్బుతో పోతుంది. వెనక నిలబడ్డవాళ్ల సంగతి అలా కాదు. ట్రక్కు వెనక భాగం ట్రాక్టరు డ్రైవరుకి కనపడదు. రివర్స్ కెమెరా ఉన్న బండికైనా ట్రైలర్ తగిలిస్తే కెమెరాకి ఆ ట్రైలరే అడ్డం. పైగా వెనక్కి తీసేటప్పుడు బండి ముందు భాగం కూడా పక్కకి ఊగుతుంది. గోడకి ఆనుకుని "నేను పక్కకే ఉన్నాగా" అనుకున్న మనిషిని అది గోడకి అదిమేస్తుంది.

సందులోకి ట్రాక్టరు వచ్చిందంటే పిల్లలు పరిగెత్తుకొస్తారు. ట్రక్కు కడ్డీ ఎక్కి ఊగడం వాళ్లకి ఆట. మదర్సా వదిలే వేళ, బడి వదిలే వేళ, జుమా నమాజు అయ్యి జనం బయటికొచ్చే వేళ ఇరుకు సందులో రివర్స్ పెట్టుకోకూడదు. పావుగంట ఆగితే సందు ఖాళీ అవుతుంది. ఇంటికి ఇసుకో సామానో వస్తోందని తెలిస్తే ఇంట్లోవాళ్లు కూడా ముందే పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు వేయాలి. ఇది డ్రైవరు ఒక్కడి పని కాదు.

వెనక నిలబడి దారి చూపే మనిషి ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగువైపుల నుంచి "రానీ రానీ" అంటే డ్రైవరుకి ఏదీ వినపడదు. ఆ ఒక్కడు బండి వెనక కాకుండా, పక్కన, డ్రైవరుకి అద్దంలో కనపడే చోట నిలబడాలి. చేతి సైగలు ముందే మాట్లాడుకోవాలి. అతను అద్దంలోంచి మాయమైతే డ్రైవరు కారణం ఆలోచించకుండా బ్రేకు తొక్కాలి. ఎవరు "ఆగు" అన్నా, చిన్నపిల్లాడు అన్నా సరే, ఆగాలి.

ఎవరికీ ప్రమాదం లేదని ముందు తనంతట తాను నిర్ధారించుకోకుండా బండిని వెనక్కి తీయకూడదని 1989 నియమాల్లోనే ఉంది. అవసరానికి మించి ఒక్క అడుగు కూడా వెనక్కి పోకూడదనీ ఉంది. దిగి, ఒకసారి బండి చుట్టూ తిరిగి చూసి ఎక్కితే ఆ నియమం సగం పాటించినట్టే. వెనక ఉన్నది కారైతే, దిగినప్పుడే పిన్ను కూడా తీసేయండి.